తప్పు నాదని రాసుకో అన్న ఇంపక్క

మా తోడికోడలు ఇంపి కాంగస్ ఇన్సూరెన్స్ వాళ్ళకి టోపీ పెట్టిందని సహకార దుకాణంలో ఎవరో అన్నారట. అన్నదెవరో నాకు తెలుసు. పేరు ఇక్కడ చెప్పను, ఆ మనిషికి అంత గొప్ప అక్కర్లేదు. ఇంపక్క జన్మలో ఎవరికీ టోపీ పెట్టలేదు, చలికాలంలో పిల్లలకి తప్ప. అసలేం జరిగిందో మొదట్నుంచి చివరిదాకా పక్కనే ఉండి చూసినదాన్ని నేను. అందుకని నేనే చెప్తాను.

ఇంపక్క మొగుడు వైనో, మా ఆయన అర్వో అన్నదమ్ములు. ఇద్దరూ పోయారు. మేమిద్దరం మిగిలాం, ఆవిడిల్లు రోడ్డు పక్కన, నాది వెనక చెరువు వైపు. మనిషి పొట్టి. బస్సు స్టీరింగ్ వెనక కూర్చుంటే బయటివాళ్ళకి కళ్ళజోడూ ఊలు టోపీ మాత్రమే కనబడేవి. అలాగే ముప్ఫై ఏళ్ళ పైచిలుకు స్కూలు బస్సు నడిపింది, పెద్ద సరస్సు మీద నుంచి మంచు అడ్డంగా కొట్టే రోడ్డు మీద, ముందు ఏముందో కనబడని పొద్దుల్లో. అన్నేళ్ళలో ఒక్క పిల్లకి గీత పడలేదు. రిటైరయిన రోజు స్కూలు వాళ్ళు ఒక గోడగడియారం ఇచ్చారు, దాని మీద ఆ మాటే చెక్కించారు. అది వంటింట్లో కాఫీ కెటిల్ పైన వేలాడుతుంది. ఎవరొచ్చినా టైం ఎంతయిందని అడిగే వంకతో ఇంపక్క వాళ్ళని దాని వైపు చూసేలా చేస్తుంది. అంత గర్వం ఆవిడకి.

జాగ్రత్త కూడా అంతే. ఆవిడింటికి చలికాలంలో వెళ్తే వాకిలి మొదలు పెరట్లో ఆవిరి పట్టే సౌనా గది దాకా మంచు మీద బూడిద చల్లి ఉంటుంది. మూల మూలకీ దీపం. చుట్టం కాలు జారితే తనకి తలకొట్టేసినట్టుంటుందని అంటుంది.

శనివారం పొద్దున్నే సౌనాలో రాళ్ళు పేర్చిన పొయ్యి వెలుగుతుంది. ఎవర్నీ పిలవదు, ఎవరికీ తలుపు వెయ్యదు. ముందు ఆడవాళ్ళం వెళ్ళి ఆవిరి పట్టి వస్తాం. తర్వాత మగవాళ్ళు. ఆ తర్వాత అందరూ వంటింట్లో చేరి కాఫీ, యాలకుల రొట్టె. ఇంపక్క గుమ్మంలోకి వచ్చి "రాళ్ళు వేడెక్కాయి" అందంటే చేతిలో ఉన్నది అక్కడ వదిలేసి వెళ్ళాల్సిందే. పేకాట మధ్యలో ఉన్నా, పెళ్ళి మాటల మధ్యలో ఉన్నా సరే. కాలిన రాళ్ళని కాచుకోబెట్టేవాణ్ణి మా వాళ్ళెవరూ మనిషిగా లెక్కెయ్యరు. మా తాతలు ఫిన్లాండ్ నుంచి ఓడ దిగి, రాగి గనుల్లో పనికి కుదిరి, ఇల్లు కట్టుకోక ముందు సౌనా కట్టుకున్నారు. అందులోనే కాపురం పెట్టారు, అందులోనే పిల్లల్ని కన్నారు. మాకది స్నానాల గది కాదు.

ఇక ఆ మెట్ల సంగతి. సౌనా గుమ్మం ముందు చెక్క మెట్లు కొన్ని, వాటికి ఒక పక్క గోడ, ఇంకో పక్క చెక్క రెయిలింగ్. లోపల ఒంటి మీద పోసుకున్న నీళ్ళు మెట్ల కిందుగా పారి పోతాయి. అలా ఏళ్ళ తరబడి నాని నాని రెయిలింగ్ గుంజ అడుగున వదులైపోయింది. దాంట్లో ఒక చమత్కారం ఉంది. మామూలు రోజుల్లో ఆ నీళ్ళు గడ్డకట్టి గుంజని పట్టేసుకుంటాయి, ఎద్దుని కట్టేసినా కదలదు. శనివారం సాయంత్రం లోపల పొయ్యి మండి, వేన్నీళ్ళు పారి, ఆ గడ్డ కరిగితే మాత్రం పాలపన్నులా ఊగుతుంది. అలవాటైన వాళ్ళం గోడ పట్టుకుని దిగేవాళ్ళం.

ఆకులు రాలే రోజుల్లోనే ఇంపక్క దాని గురించి మొదలుపెట్టింది. తనే పలుగు తీసుకుని వెళ్ళబోతే ఉర్హో అడ్డం పడ్డాడు. ఉర్హో నీమి అంటే ఇంపక్కకి రోడ్డవతల ఇల్లు. సొంత లారీలో అడవి దుంగలు తోలతాడు. యాభై దాటినా ఇంపక్కకి వాడింకా బస్సులో వెనక సీట్లో కూర్చుని కిటికీ మీద బొమ్మలు గీసే పిల్లాడే. ఆ రెయిలింగ్ నాకొదిలెయ్, వచ్చే శనివారానికి కొత్తది వేసేస్తానని మాటిచ్చాడు. వచ్చే శనివారం వచ్చింది, పోయింది. ఏ ఏడాది శనివారం రా అని ఇంపక్క ఎత్తిపొడిచేది, వాడు నవ్వి రొట్టె ముక్క నోట్లో పెట్టుకునేవాడు. ఈలోగా నేల గడ్డకట్టింది, దుంగల పని ఊపందుకుంది, అది అలాగే ఉండిపోయింది.

ఫిబ్రవరిలో ఒక శనివారం. ఆడవాళ్ళం అయిపోయి తడిజుట్టుతో వంటింట్లో కూర్చున్నాం. ఉర్హో ఆలస్యంగా వచ్చాడు. ఇల్లు రోడ్డవతలే అయినా ఆ రోజెందుకో పికప్ బండి వేసుకుని వచ్చాడు. వాడింకా బండి దిగుతూనే ఉన్నాడు, ఇంపక్క గుమ్మంలోంచి మగవాళ్ళని కేకేసింది, రాళ్ళు వేడెక్కాయని. వాడు బండి తలుపు కూడా సరిగ్గా వెయ్యకుండా చకచకా లోపలికి పోయాడు. కాసేపటికి పెద్ద చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడానికే నాకు భయం వేసింది.

పరిగెత్తాం. ఉర్హో మంచులో వెల్లకిలా పడున్నాడు, ఒంటి మీద నూలుపోగు లేదు, ఒళ్ళంతా పొగలు కక్కుతోంది. ఆవిరి పట్టి మంచులో దొర్లుదామని ఊపుగా బయటికొచ్చాడు, పై మెట్టు మీద పాదం జారింది, చెయ్యి దానంతటదే రెయిలింగ్ మీద పడింది, అది పక్కకి వాలిపోయింది. ఏమైందిరా అంటే ఏమీ కాలేదన్నాడు. లేవమంటే ఇక్కడ బాగానే ఉందన్నాడు. ముందు లాగు అడిగాడు, తర్వాత కాఫీ అడిగాడు. అంబులెన్స్ వచ్చేలోపు మంచులో పడుకునే కాఫీ తాగాడు. కప్పు ఖాళీ చేసి ఇచ్చి అప్పుడు స్పృహ తప్పాడు. తుంటి ఎముక రెండు చోట్ల విరిగింది.

ఆపరేషన్ అన్నారు. తర్వాత నెలల తరబడి లారీ ఎక్కకూడదన్నారు. దుంగలు తోలేది నేల గడ్డకట్టి ఉన్నన్నాళ్ళే. మంచు కరిగి రోడ్లు మెత్తబడితే బరువు బళ్ళని రానివ్వరు. అంటే ఏడాది సంపాదనంతా ఆ కాసిన్ని వారాల్లోనే. అవి పోతే లారీ వాయిదా కట్టేదెవరు? వాడి ఆరోగ్య బీమా సగానికి సగం వాడి నెత్తినే రుద్దే రకం. హెల్వి, వాడి పెళ్ళాం, ఆస్పత్రి వరండాలో నా పక్కన కూర్చుని ఒక్కటే మాట అంది, లారీ పోతే ఆయన బతకడు ఐలీ అని. హెల్వి ఏడిచే మనిషి కాదు. ఆ మాటకి నాకే కళ్ళు మసకబారాయి.

ఇంపక్క మటుకు హుషారుగా ఉంది. ఇంటి ఇన్సూరెన్స్ ఉందిగా అంది. ఇంటికొచ్చిన చుట్టానికి దెబ్బ తగిలితే ఇచ్చేది అందులో ఉంది, ఇన్నేళ్ళూ కడుతూ ఒక్కసారి కూడా అడగలేదు, ఇప్పుడు అడుగుతానంది. ఆ ఉత్సాహంతోనే ఉర్హో మంచం దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే ఉన్నాను. వాణ్ణి ఇంకాసేపట్లో ఆపరేషన్‌కి తీసుకెళ్ళబోతున్నారు. విషయం వినగానే వాడి మొహం తెల్లబోయింది.

"రెయిలింగ్ మాట ఎత్తకు, ఇంపక్కా."

"ఎందుకెత్తకూడదురా?"

"బాగుచేస్తానన్నది నేను. చెయ్యనిది నేను. అది పట్టుకుని పడింది నేను. ఇప్పుడు పోయి నీ మీద క్లెయిమ్ వేస్తే నలుగురిలో ఏ మొహం పెట్టుకు తిరగను? నువ్వు దాని గురించి నోరు తెరవనని మాటిస్తేనే నేను ఈ మంచం కదలనిస్తా."

నర్సు తొందరపెడుతోంది. వాడు మంచం కడ్డీ పట్టుకుని వదలడు. ఇంపక్క ఒక్క క్షణం వాడి వంక చూసి మాటిచ్చింది. ఐతే తనంతట తను ఎత్తను గానీ ఎవరైనా మొహం మీద సూటిగా అడిగితే అబద్ధం మాత్రం చెప్పనంది. సరేలే అని వాడు చెయ్యి వదిలాడు. నన్ను కూడా ఒక చూపు చూసింది ఇంపక్క. మా ఇంట్లో ఆవిడ ఇచ్చిన మాట నేనిచ్చినట్టే. హెల్వి తలుపు దగ్గర నిలబడి పళ్ళు నూరింది.

మంగళవారం కంపెనీ తరఫున సర్వేయర్ వచ్చింది. కెండ్రా అని, దక్షిణాన పెద్ద వంతెన అవతలి ఊళ్ళ అమ్మాయి, సౌనా ఎరగదు. నగరం బూట్లు. మర్యాదస్తురాలు, కాఫీ కూడా పుచ్చుకోకూడదమ్మా, అది మా రూలు అంది. ఇంపక్క ఇంట్లో కాఫీ వద్దన్న మనిషిని నేను అప్పుడే చూశాను. ఇంపక్క ఏమీ అనకుండా కప్పు ఆ అమ్మాయి ముందు పెట్టి అటు తిరిగి నిలబడింది. ఇటు తిరిగేసరికి కప్పు సగం ఖాళీ. నాకు ఆ పిల్ల నచ్చింది.

తర్వాత అంతా చూసింది. బూడిద ఫొటో తీసింది, దీపాలు తీసింది, మెట్లు ఎక్కి దిగింది. రెయిలింగ్ దగ్గర ఆగింది. రెండు చేతులా పట్టుకుని ఊపింది, నడుంతో నెట్టింది. ఉర్హోని అంబులెన్స్ ఎక్కించాక మగవాళ్ళు దాన్ని అలవాటుగా నిటారుగా నెట్టి పోయారు. ఇప్పుడు మంగళవారం, పైగా గడ్డకట్టే చలి. అది రాతిస్తంభంలా నిలబడింది. ఆ పిల్ల బాగుందన్నట్టు తలాడించి ముందుకి పోయింది. దీనికేమైనా లోపం ఉందా అని అడిగితే సరిపోయేది. గట్టిగా ఉన్న కర్ర గురించి ఎవరు అడుగుతారు? ఇంపక్క మొహం చూశాను. బస్సు బురదలో దిగబడ్డప్పుడు ఎలా పెడుతుందో అలా పెట్టింది.

ఉర్హో అప్పటికే ఆస్పత్రి నుంచి ఫోన్లో చెప్పేశాడట, ముసలితనంలో కుర్రవేషాలు వేసి పడ్డాను, ఎవరి తప్పూ లేదని. కెండ్రా మెత్తగా వివరించింది. చుట్టానికి దెబ్బ తగిలితే, తప్పెవరిదైనా సరే, కట్టు ఖర్చుకీ అంబులెన్సుకీ సరిపోయే చిన్న మొత్తం ఒకటి వస్తుంది. పెద్ద మొత్తం, అంటే ఆపరేషన్‌కీ పోయిన జీతానికీ ఇచ్చేది, ఇంటివాళ్ళ నిర్లక్ష్యం ఉంటేనే వస్తుంది.

"నా ఇల్లు, నా మెట్లు, నా మంచు. తప్పు నాది కాకపోతే ఎవరిదమ్మా?" అంది ఇంపక్క.

"మంచు మీదైనంత మాత్రాన తప్పు మీదవదు, కాంగస్ గారూ. నిజం చెప్పాలంటే ఇంత జాగ్రత్తగా ఉన్న ఇల్లు నేనింతవరకూ చూళ్ళేదు. అదే రాస్తాను."

ఇంపక్క గడియారం వైపు చూసింది. టైం కోసం కాదు. ఒక జన్మంతా పడ్డ జాగ్రత్త వచ్చి ఉర్హో లారీని అమ్మేయబోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అమ్మాయి కారెక్కే ముందు నేనే చెప్పేద్దామని గుమ్మం దాకా వెళ్ళాను. ఇంపక్క నా స్వెట్టర్ వెనక నుంచి పట్టుకుని ఆపింది.

మర్నాడు పొద్దున్న తలుపు బాదిన చప్పుడుకి వెళ్ళి చూస్తే ఇంపక్క. బూట్లకి తాళ్ళు కూడా కట్టుకోలేదు. కళ్ళజోడు మీద మంచు. మొహం వెలిగిపోతోంది.

"ఐలీ, నేను వాడికేమని మాటిచ్చాను?"

"రెయిలింగ్ మాట ఎత్తనని."

"పొయ్యి వెలిగించనని ఇచ్చానా?"

నాకు అర్థం కావడానికి ఒక గుక్క కాఫీ పట్టింది. అర్థమయ్యాక కప్పు కింద పెట్టడం మర్చిపోయాను. ఆవిడ అప్పటికే నా ఫోన్ అందుకుంది. కెండ్రాతో మాట్లాడిన తీరు వినాలి మీరు. స్కూలు సూపర్నెంటుతో బస్సు టైర్ల గురించి మాట్లాడినట్టు మాట్లాడింది. ఉర్హో పడింది శనివారం సాయంత్రం, వేడి ఆవిరిలోంచి బయటికొస్తూ. నువ్వు చూసింది మంగళవారం, చల్లారిన సౌనా. అది ఎలా లెక్కకొస్తుంది? జరిగింది జరిగినట్టు చూడాలంటే శనివారం రా, లోపలికి వెళ్ళు, ఆవిరి పట్టు, బయటికి రా. తర్వాత నీ ఇష్టం వచ్చింది రాసుకో. చివరికి ఆ అమ్మాయి స్నానపు దుస్తులు తెచ్చుకోవాలా అని అడిగింది. తెచ్చుకుంటే ఉతికి పెడతానంది ఇంపక్క.

శనివారం దాకా నాకు కాలు ఒక చోట నిలవలేదు. రొట్టెలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఇంపక్క రోజుకంటే ముందే పొయ్యి వెలిగించింది, బిర్చి కట్టెలు మామూలు కంటే ఎక్కువ పేర్చింది. నీళ్ళు బకెట్లకి బకెట్లు నింపింది. హెల్వి వచ్చింది. ఆస్పత్రి నుంచి ఉర్హోని ఇంటికి తెచ్చి కిటికీ పక్కన పడుకోబెట్టారు. వాడికి ఇంపక్క సౌనా పొగగొట్టం కనబడుతుంది. సర్వేయర్ కారు వచ్చి వాకిట్లో ఆగడం కూడా కనబడింది. ఆ క్షణం నుంచి వంటింట్లో ఫోన్ మోగుతూనే ఉంది. హెల్వి దాని మీద తువ్వాలు కప్పింది.

కెండ్రా నిజంగానే స్నానపు దుస్తుల్లో వచ్చింది. మేం ముగ్గురం మామూలుగా, అంటే ఒంటి మీద ఏమీ లేకుండా ఉన్నాం. పాపం ఎటు చూడాలో తెలియక పొయ్యి వంకే చూసింది. ఇంపక్క రాళ్ళ మీద నీళ్ళు పోసింది. బుస్సుమంది. ఆ పిల్ల పై బల్ల మీంచి కింది బల్ల మీదికి, కింది బల్ల మీంచి నేల మీదికి దిగింది. ఇంపక్క ఇంకో గరిటెడు పోసింది. నేను మా అలవాటు ప్రకారం బిర్చి చెట్టు కొమ్మల కట్టతో ఆ పిల్ల వీపు మీద చిన్నగా తట్టాను. మొదట ఉలిక్కిపడి, తర్వాత ఇటువైపు కూడా అంది. ఇంపక్క బకెట్ మీద బకెట్ తల మీంచి దిమ్మరించుకుంటోంది. ఆ నీళ్ళు ఎక్కడికి పారుతున్నాయో నాకు తెలుసు, హెల్వికి తెలుసు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం, చూస్తే నవ్వొచ్చేస్తుంది.

ఇక చాలు, బయటికి పోదాం అంది ఇంపక్క. తనే ముందు దిగింది. కింద మంచుని అంతకు ముందే పారతో ఎత్తి మెత్తగా పోసిపెట్టింది, పరుపులాగా. బస్సు దిగే పిల్లల్ని దింపుకునేదానిలా రెండు చేతులూ చాచి నిలబడింది. నేను గోడ పక్కన సిద్ధంగా ఉన్నాను. కెండ్రా గుమ్మంలోకి వచ్చింది, ఒళ్ళంతా ఎర్రగా, పొగలు కక్కుతూ, చిన్నపిల్లలా నవ్వుతూ. పై మెట్టు మీద కాలు పెట్టింది. చెయ్యి రెయిలింగ్ మీద వేసింది. మనిషన్నవాళ్ళెవరైనా అక్కడే వేస్తారు.

అది వాలిపోయింది. మంగళవారం నాటి రాతిస్తంభం తాగుబోతులా పక్కకి ఒరిగింది, దాంతోపాటు ఆ పిల్లా ఒరిగింది. నేను మోచెయ్యి పట్టుకున్నాను. ఇంపక్క నడుం పట్టుకుంది. ముగ్గురం కలిసి మంచు పరుపు మీద కూలబడ్డాం. ఎవరికీ ఏమీ కాలేదు. మెట్ల మీద హెల్వి మాత్రం బిగ్గరగా నవ్వింది, ఇన్ని రోజులకి.

కెండ్రా లేచింది. తడిజుట్టు అప్పుడే గడ్డకట్టి పుల్లల్లా నిలబడింది. చలి అన్న మాటే మర్చిపోయి వంగి గుంజ అడుగున చెయ్యి పెట్టింది. గోరువెచ్చని బురద. గుంజని అటూ ఇటూ ఊపింది. మళ్ళీ ఊపింది. చాలాసేపు దాని వంకే చూసి, అప్పుడు ఇంపక్క వైపు తిరిగింది. మొహంలో నవ్వు లేదు.

"కాంగస్ గారూ, ఇది ఇలా ఊగుతుందని మీకు ముందే తెలుసా?"

సూటి ప్రశ్న. ఎట్టకేలకి. ఇంపక్క మంచులో నిటారుగా నిలబడింది. అంత పొట్టి మనిషి అంత ఎత్తుగా ఎలా కనబడిందో నాకిప్పటికీ తెలీదు.

"తెలుసు. ఆకులు రాలే రోజుల నుంచీ తెలుసు. తెలిసీ శనివారం శనివారం మనుషుల్ని దాని మీంచి దింపాను. తప్పు నాదని రాసుకో."

ఒక్క పిల్లకి గీత పడనివ్వలేదని గోడ మీద రాయించుకున్న మనిషి ఆ మాట అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ చలిలో ఎవరూ అంతసేపు నిలబడకూడదు. హెల్వి మమ్మల్నందర్నీ మళ్ళీ లోపలికి తోసింది.

లోపల కూర్చున్నాక కెండ్రా చెప్పింది. లోపం ఉండడం ఒక్కటే కాదు, అది తెలిసీ వదిలెయ్యడమే అసలు సంగతట. ఉర్హోకి తెలుసా అని కూడా అడిగితే ఇంపక్క తెలుసంది కాబట్టి కొంత వాడి వంతు కోసేస్తారు. మిగిలింది కంపెనీ ఇవ్వాలి, అది ఇచ్చేలా తను రాస్తుంది. రెయిలింగ్ తీసేసి కొత్తది వేసేదాకా ఇంకెవర్నీ ఈ మెట్లు ఎక్కనివ్వొద్దని కచ్చితంగా చెప్పింది. బయల్దేరే ముందు నన్ను పక్కకి పిలిచి, ఈవిడ కావాలనే నన్ను పిలిచింది కదూ అని అడిగింది. నువ్వే చూశావుగా, రాళ్ళు వేడెక్కాయి, అంతే అన్నాను. ఆ పిల్ల కాఫీ ఈసారి నిండు కప్పు తాగింది, రొట్టె రెండు ముక్కలు తింది. ఉప్పగా ఉందని ఎవరూ అనలేదు.

ఉర్హో పది రోజులు ఇంపక్కతో మాట్లాడలేదు. మాట తప్పావంటాడు. ఎక్కడ తప్పానో చూపించమంటుంది ఈవిడ. ఫోన్లో హెల్విని మధ్యలో పెట్టి ఇద్దరూ తిట్టుకునేవారు. ఆ తర్వాత కంపెనీ వాళ్ళు ఒప్పుకున్నారు. ఆపరేషన్ సంగతీ, లారీ వాయిదాలూ ఆ దెబ్బతో గట్టెక్కాయి. లారీ వాడి వాకిట్లోనే ఉంది. ఆ వార్త విన్న రోజు ఇంపక్క స్టూలు ఎక్కి గోడగడియారం దించబోయింది. ఇక దాని మీద రాసింది నిజం కాదంది. నేను స్టూలు కాళ్ళు పట్టుకుని కదలనివ్వలేదు. బస్సులో పడలేదుగా వాడు, మెట్ల మీద పడ్డాడు, గడియారం బస్సు గురించే చెప్తోందని వాదించాను. అలిగి దిగిపోయింది. గడియారం ఉండిపోయింది.

మెట్లు మూసేశాక అన్ని శనివారాలూ సౌనా లేక ఊరు ఊరంతా చిరచిరలాడింది. అలాగే ఏప్రిల్ వచ్చింది. ఎండ వచ్చి పైకప్పుల మీంచి మంచు దబ్బుదబ్బుమని జారుతోంది. ఉర్హో పికప్ బండి వాడు పడ్డ రోజు నుంచీ ఇంపక్క వాకిట్లోనే ఉంది. హెల్వికి దాని గేర్లు పడవు, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. దాని మీద మంచు మీద మంచు పడి ఒక దిబ్బయింది. మంచు తీసేటప్పుడు ఇంపక్క దాని చుట్టూ తిరిగి తీసేది. కెండ్రా రెండుసార్లూ కారు దాని పక్కనే ఆపింది.

ఆ శనివారం ఆ దిబ్బ సగానికి దిగింది. నేనూ ఇంపక్కా కొత్త రెయిలింగ్‌కి కలప ఎక్కడ దొరుకుతుందా అని మాట్లాడుకుంటూ వాకిట్లో నిలబడ్డాం. బండి వెనక తొట్టిలో మంచులోంచి ఏదో కర్ర కొన బయటికొచ్చింది. ఎర్రటి దేవదారు. ఇంపక్క చేత్తో మంచు తోసింది. చిత్రిక పట్టి, మూలలు గుండ్రంగా అరగదీసి, నూనె రాసిన పొడుగాటి రెయిలింగ్. పక్కన రెండు గుంజలు, ఇనప మేకులూ పలుగూ ఒక సంచిలో. రెయిలింగ్ ఒక చోట కాస్త పల్లంగా చెక్కి ఉంది. గుంజల ఎత్తుని బట్టి చూస్తే ఆ పల్లం సరిగ్గా పొట్టి మనిషి చెయ్యి పడే చోటుకి వస్తుంది.

ఉర్హో అప్పుడే చంకకర్రల మీద రోడ్డు దాటి వస్తున్నాడు, హెల్వి వెనక తిట్టుకుంటూ. మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"ఇది ఎప్పట్నుంచి ఉందిరా ఇందులో?" అంది ఇంపక్క.

"ఆ శనివారం నుంచే. బిగిద్దామనే తెచ్చాను."

"మరి బిగించి చావలేదేం?"

వాడు చంకకర్రతో మంచుని పొడిచాడు. చెప్పడం ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

"బండి దిగుతుంటే నువ్వు గుమ్మంలోకొచ్చి రాళ్ళు వేడెక్కాయన్నావు, ఇంపక్కా."

ఇంపక్క దేవదారు కర్ర మీద పల్లంలో చెయ్యి పెట్టింది. అక్కడే ఉంచేసింది. ఇన్ని రోజులూ తప్పు నాది తప్పు నాదని ఊరంతా చాటిన మనిషి, రికార్డుల్లోకి ఎక్కించుకున్న మనిషి, ఇప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అయితే నిజంగానే నాదేరా," అంది, నాకూ వాడికీ తప్ప ఎవరికీ వినబడకుండా.

ఆ రోజు సౌనా పొయ్యి వెలిగించాం. మధ్యాహ్నానికి రాళ్ళు ఎర్రబారాయి. ఇంపక్క గుమ్మంలోకి వచ్చింది గానీ నోరు తెరవలేదు. ఉర్హో కుర్చీలో కూర్చుని ఎక్కడ తవ్వాలో చెప్తుంటే నేనూ హెల్వీ గుంజలు పాతాం. ఇంపక్క మేకులు కొట్టింది. చివరి మేకు దిగేదాకా రాళ్ళు కాచుకున్నాయి.